ముల్లు బరువు

ఇట్ల మంట దగ్గరికి జరుగు అబ్బీ. చెన్నైలో పాత ప్లేయర్ కొనుక్కొచ్చినావంట కదా, దాని సంగతే చెప్తా విను.

మా నాయన కాలంలో గ్రామఫోనంటే కీ తిప్పేదే. నిమిషానికి 78 చుట్లు. లక్క ప్లేటు, ఉక్కు ముల్లు. ముల్లు బిగించే తల బరువు వంద గ్రాములకు పైమాటే. ఒక పక్క పాట అయిపోతానే ముల్లు తీసి పారేసి కొత్తది బిగిస్తాండిరి. లక్కలో రాతిపొడి కలిపింటారు, అది ముల్లునే అరగదీసి గాడికి సరిపోయేట్టు చేస్తాది. అరిగిన ముల్లుతో ఇంకో పాట వేస్తే అది ఉలి మాదిరి గాడిని చెక్కుతాది. ముల్లు కాడ పిసినారితనం చేసినోళ్ల ప్లేట్లన్నీ బూడిద రంగుకు తిరిగినాయి.

నేను మైకు సెట్టు పనికి పోయేనాటికి కరెంటు ప్లేయర్లు వచ్చినాయి. పెండ్లింట్లో పొద్దున్నే సుప్రభాతం పడాల్సిందే. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మమ్మ పాడిన ఎల్పీ అది. పొద్దెక్కినాక మాయాబజార్ పాటలు. మన కడప జిల్లా పొట్టిపాడు నాగిరెడ్డి తీసిన సినిమా కదా, మళ్లీ మళ్లీ వెయ్యమంటాండిరి. 78 ప్లేటుకు లావు ముల్లు, ఎల్పీకి దాంట్లో మూడో వంతు సన్నంది. తలకాడ చిన్న మీట తిప్పితే ఈ ముల్లు పోయి ఆ ముల్లు వస్తాది. తిప్పడం మరిస్తే ఎల్పీ గాడి పాడైపోయినట్టే.

ఇప్పుడు నీ ప్లేయర్ సంగతి. ముందు దాన్ని కదలని చోట పెట్టు. మన కడప బండ ఒకటి టేబుల్ మీద పరిచి, రసమట్టం పెట్టి చూసుకో. ఎండ తగిలే కిటికీ పక్కన మాత్రం పెట్టొద్దు, మన వేసవికి ఎల్పీలు అప్పడాల్లెక్క వంకర పోతాయి.

ఆ మీదట బరువు. వెనక గుండు తిప్పి, ముల్లు మోసే చెయ్యి గాల్లో సమంగా నిలిచేట్టు చూడు. అప్పుడు ముల్లుండే కార్ట్రిడ్జ్ కాగితంలో రాసినంత బరువు ఇయ్యి. ఇప్పటి మాగ్నెటిక్ వాటికి చానామటుకు రెండు గ్రాముల అటూఇటూ ఉంటాది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో వాడేట్టాటి చిన్న కాటా ఉంటే సరిచూసుకోవచ్చు, తూచేటప్పుడు ముల్లు ప్లేటు ఎత్తులోనే ఉండాల. బరువు తగ్గిస్తే ప్లేటుకు మేలని చానామంది అనుకుంటారు. అది తప్పు. తేలికైన ముల్లు గాడిలో నిలబడక ఎగిరెగిరి గోడలకు తగులుతాది. తగినంత బరువుతో కుదురుగా పోయే ముల్లు కంటే అదే ఎక్కువ చెరుపు చేస్తాది.

ఆ తర్వాత కార్ట్రిడ్జ్ కోణం. ప్లేటు కోసిన యంత్రం లోపలికి సీదాగా పోయింటాది, మన చెయ్యేమో వంపు తిరుగుతాది. అందుకే చానామటుకు కొలత అట్టల మీద నడిమి నుంచి 66 మిల్లీమీటర్ల కాడొకటి, 120.9 కాడొకటి చుక్కలుంటాయి. ఆ రెండు చోట్లా కార్ట్రిడ్జ్ గీతలకు సరిగ్గా నిలిచేట్టు ముందుకూ వెనక్కూ జరిపి స్క్రూలు బిగించు. బిగించినాక బరువు మళ్లీ చూడు, జరిపితే అదీ మారుతాది.

అన్నీ అయినాక సుప్రభాతం ప్లేటే వెయ్యి. మొదట్లో ఏ ముల్లయినా బాగానే పాడుతాది. లేబుల్ దగ్గరికి వచ్చేకొద్దీ చుట్టు చిన్నదై, గాడిలోని పాట అలలు ఇరుకైతాయి. ఆడ స, శ అక్షరాలు చీరుకుపోయినట్టు వినపడితే ఇంకా సరిగా కుదరలేదని అర్థం. మళ్లీ అట్ట తీయాల్సిందే.