బాలు తొలి పాటలు, మన వేపచెట్టు కింది మూడు పార్టీలు

సావనీరుకి ఏదైనా రాయమని కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు, నేను ఇంజినీరుని కాబట్టి బడి కొత్త భవనం గురించో, నీళ్ల ట్యాంకు గురించో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. నాకు మాత్రం సైకిల్ స్టాండు పక్కన వేపచెట్టు, దాని కింద ఇంటర్వెల్లో జరిగిన తగాదాలే గుర్తొచ్చాయి. మాది 1982 పదో తరగతి బ్యాచ్. అప్పట్లో ఆ చెట్టు కింద మూడు పార్టీలు ఉండేవి. ఘంటసాల పార్టీ పెద్దది, అందులో సగం మంది మన సార్లే. రామకృష్ణ పార్టీ చిన్నదైనా గట్టిది. మూడోది మా బాలు పార్టీ. నెల్లూరు జిల్లా వాళ్లం కాబట్టి బాలు మనవాడనే ధీమా మాకు కాస్త ఎక్కువే ఉండేది. ఆయన పుట్టిన కోనేటమ్మపేట ఇప్పుడు తమిళనాడు వైపు ఉందని ఎవరైనా గుర్తుచేస్తే తన్నులాట దాకా వచ్చేది.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మొదటి సినిమా పాట రికార్డయింది 1966 డిసెంబరు 15న. నేను పుట్టింది కూడా ఆ ఏడాదే. పద్మనాభం తీసిన ‘శ్రీ శ్రీ శ్రీ మర్యాద రామన్న’కి సంగీతం ఎస్.పి. కోదండపాణి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్యల మధ్య ఇరవై ఏళ్ల కుర్రాడు నిలబడి పాడాడు. అనంతపురంలో ఇంజినీరింగ్ మొదలుపెట్టి, జబ్బు చేసి మానేసి, మద్రాసులో ఏఎంఐఈ చదువుతున్న రోజులవి. అంతకుముందు ఒక పాటల పోటీలో విని, ఈ కుర్రాణ్ణి సినిమాలకు తెస్తానన్నది కోదండపాణే. తర్వాత కట్టుకున్న రికార్డింగ్ థియేటరుకి బాలు ఆ గురువు పేరే పెట్టుకున్నారు.

ఆ మొదటి పాట విని ఆంధ్రదేశం ఉలిక్కిపడిందని ఇప్పుడు కొందరు రాస్తుంటారు. మా అన్నయ్యను అడిగితే నవ్వేశాడు. అన్నయ్యదీ మన బడే, 1970 బ్యాచ్. ఆ కొత్త గొంతు ఎవరిదో తమకు రెండు మూడేళ్ల దాకా పట్టలేదట. ‘సుఖదుఃఖాలు’లో దేవులపల్లి రాసిన పాట రేడియోలో వస్తుంటే, పి.బి. శ్రీనివాస్ అని ఒకరు, కాదు ఇంకెవరో అని ఒకరు పందెం వేసుకున్నారట. ఆ తర్వాత 1969లో ‘ఏకవీర’ వచ్చింది. రామారావుకి ఘంటసాల, కాంతారావుకి బాలు, ఇద్దరూ ఒకే పాటలో. కుర్రాడు పెద్దాయన పక్కన నలగకుండా నిలబడ్డాడని అన్నయ్య వాళ్లు మెచ్చుకున్నారు. వాళ్ల పైతరం మాత్రం, ఇద్దర్నీ పక్కపక్కన వింటేనే తేడా తెలుస్తోంది చూడమంది. పాట ఒక్కటే, రుజువు రెండు వైపులకీ పనికొచ్చింది. ఆ ఏడాదే తమిళంలో ఎం.జి.ఆర్. సినిమా ‘అడిమైప్పెణ్’లో కె.వి. మహదేవన్ ఆయన చేత పాడించారు. దాంతో మద్రాసు వెళ్లొచ్చిన వాళ్ల మాటకు మన ఊళ్లో బరువు పెరిగింది.

తొలినాటి బాలు మీద ఉన్న ఫిర్యాదులు ముఖ్యంగా రెండు. గొంతు పీలగా ఉంది, కృష్ణకీ శోభన్ బాబుకీ సరేగాని రామారావు పద్యానికీ నాగేశ్వరరావు విషాదానికీ ఆనదు అన్నది మొదటిది. ఎవరికి పాడితే వాళ్ల గొంతు పెడతాడు, అల్లు రామలింగయ్యకి పాడితే అల్లు రామలింగయ్యే అయిపోతాడు, అది పాటా, మిమిక్రీనా అన్నది రెండోది. ఈ రెండోదాన్ని తప్పుగా ఎందుకు పట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తెర మీది మనిషి పాడుతున్నట్టు ఉండాలనే కదా డబ్బులిచ్చి పాడించేది!

మొదటి ఫిర్యాదులో మాత్రం కొంత నిజం ఉంది. ఆ రోజుల పాటలు కొన్నింట్లో పై స్థాయికి వెళ్లేటప్పుడు గొంతు బిగుసుకోవడం వినిపిస్తుంది. అక్కడక్కడా ఘంటసాల పద్ధతిలో మాట విరవాలన్న ప్రయత్నం తెలిసిపోతుంది. అయితే ఇంజినీరుగా ఒక మాట చెప్పాలి. మనవాళ్లు ఆ తీర్పు ఇచ్చింది దేని మీద విని? మీడియం వేవ్ రేడియో మీద, కాకుంటే షార్ట్ వేవ్‌లో కెరటంలా లేచి పడిపోయే సిలోన్ స్టేషన్ మీద. మీడియం వేవ్‌లో నాలుగైదు వేల హెర్ట్జ్‌లకు పైన ఉన్న శబ్దం దాదాపు మన చెవిదాకా రాదు. ఘంటసాల గొంతులోని నిండుతనం కింది భాగంలో ఉంటుంది, అది ఆ చిన్న స్పీకరులో కూడా బతికి బయటపడుతుంది. కుర్ర బాలు గొంతులోని మెరుపు, ఊపిరి, మాట చివర చిరునవ్వు చాలావరకు పైభాగంలో ఉంటాయి. అవి దారిలోనే రాలిపోయి, మిగిలిన పీలతనం మన ఇంటికి చేరేది. అదే పాటను మంచి రికార్డు మీద విన్నవాళ్ల అభిప్రాయం వేరేగా ఉండేది. మా అన్నయ్య అలా విన్నవాళ్లలో ఒకడు. 1971లో వచ్చిన ‘చెల్లెలి కాపురం’లో సినారె రాసిన ఆ గుక్క తిప్పుకోనివ్వని పాటను ఈపీ మీద పదేపదే పెట్టి, ఊపిరి ఎక్కడ తీశాడో గడియారం పట్టుకుని వెతికేవాడట.

1974 ఫిబ్రవరిలో ఘంటసాల పోయారు. నాకు ఏడేళ్లు, ఇంట్లో పెద్దవాళ్లు అన్నం తినకపోవడం ఒక్కటే గుర్తు. ఆ తర్వాత మూడేళ్లు మన బడిలో నడిచిన తగాదా అసలు వారసత్వపు తగాదా. 1977లో ‘అడవి రాముడు’ వచ్చింది. బాలు అంతకుముందు రామారావుకి పాడలేదని కాదు, కానీ ఆ వేసవితో ఆ సందేహం జనంలో ముగిసిపోయింది. నేను ఆరో తరగతిలో చేరేసరికి రామకృష్ణ పార్టీలో ఐదారుగురే మిగిలారు. వాళ్లలో ఒకడు నా బెంచీవాడు, ఇవాళ్టికీ మారలేదు. వాడి పట్టుదల మీద నాకు గౌరవమే.

1980లో ‘శంకరాభరణం’. మహదేవన్ సంగీతం. శాస్త్రీయం నేర్చుకోని మనిషి ఆ పాటలు పాడి, 1979 సంవత్సరపు జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. మా పార్టీ గెలిచింది. గెలిచాక నేను చేసిన పని ఇప్పుడు ఒప్పుకోవాలి. 1981 వార్షికోత్సవంలో వక్తృత్వ పోటీకి ఎక్కి, శంకరాభరణానికి ముందు బాలు పాడిందంతా రిహార్సల్ అని చెప్పాను. చప్పట్లు పడ్డాయి, మొదటి బహుమతిగా స్టీలు డబ్బా ఇచ్చారు. కిందికి దిగాక మన తెలుగు సారు, ఘంటసాల అంటే ప్రాణం పెట్టే మనిషి, నన్ను పిలిచి, “ఒరే, నువ్వు పుట్టిన ఏడు మొదలెట్టాడే, అవన్నీ ఎప్పుడు విన్నావురా?” అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. నిజానికి వినలేదు. వినాలంటే ఇంట్లో మంచం కిందే ఉన్నాయి. 1979లో కువైట్ వెళుతూ అన్నయ్య ఒక ట్రంకు పెట్టెలో నలభైకి పైగా ఈపీలు నాకు అప్పగించి వెళ్లాడు.

ఆ పెట్టెను 1993లో ఇల్లు మారేటప్పుడు పాత సామాన్ల వాడికి తూకానికి ఇచ్చేశాను. ప్లేయరు పాడైంది, క్యాసెట్లు వచ్చాయి, అంతా వాటిల్లో దొరుకుతుంది కదా అనుకున్నాను. మరుసటి ఏడు సెలవుకొచ్చిన అన్నయ్య పెట్టె అడిగాడు. సంగతి చెప్పాను. సరేలే అని పెరట్లోకి వెళ్లి చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. క్యాసెట్ల షాపులో నేను వెతికి తెచ్చిన ‘బాలు హిట్స్’ అన్నింట్లోనూ అవే పన్నెండు పాటలు. ఈపీకి రెండో వైపున ఉండే పాటలు, హీరో స్నేహితుడికో హాస్యనటుడికో పాడినవి, ఏ కంపెనీ వాడూ క్యాసెట్ మీదికి ఎక్కించలేదు. మనిషి గొంతు ఏడాదికేడాది ఎలా తయారైందో తెలిసేది వాటిల్లోనే.

2020 సెప్టెంబరు 25న బాలు పోయిన రోజు రాత్రి అన్నయ్యే ఫోన్ చేశాడు. ఆ పాటల్లో కొన్నింటి పల్లవులు తనకు సగమే గుర్తొస్తున్నాయన్నాడు.

అప్పటినుంచి వెతుకుతున్నాను. విజయవాడ, చెన్నై పాత రికార్డుల షాపుల్లో ఇప్పటిదాకా పదిహేడు దొరికాయి. కాబట్టి ఈ వ్యాసం చదివే 1967 నుంచి 1978 దాకా బ్యాచ్‌ల వాళ్లకు, ఆ రోజుల్లో పనిచేసిన సార్లకు, టీచరమ్మలకు ఒక విన్నపం. మీ అటక మీద 45 ఆర్‌పీఎం రికార్డులుంటే పారేయకండి. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండలో పెట్టకండి. మెరుపు కోసం దయచేసి కొబ్బరినూనె రాయకండి, అలా రాసిన రెండు నా దగ్గర ఉన్నాయి, వాటి గాడుల్లోంచి దుమ్ము ఇప్పటికీ వదలడం లేదు. గీతలు పడినా ఫరవాలేదు, కొంత శుభ్రం చేయడం నాకు వచ్చు.

స్వర్ణోత్సవం రోజు నా టర్న్‌టేబుల్, యాంప్లిఫయరు తీసుకుని పొద్దున్నే వస్తాను. సైన్సు ల్యాబు గదిలో బల్ల ఇస్తామని హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. తెచ్చిన రికార్డు అక్కడే కాపీ చేసి, మీ ఎదుటే కవరులో పెట్టి ఇచ్చేస్తాను, కాపీ మీకూ ఒకటి పంపుతాను. అన్నయ్య కూడా వస్తున్నాడు. మోకాళ్ల నొప్పి కదా, తన కుర్చీ ప్లేయరు పక్కనే వేయమన్నాడు.