తుల్యమానము: పాఠశాలా పరీక్షల పుట్టుపూర్వోత్తరములు

తరగతి యను మాటకుఁ దెలుఁగున నేఁడు రెండర్థములు గలవు. బాలుఁడు కూర్చుండి చదువుకొను శ్రేణి యొకటి. అతని విద్యకుఁ గట్టిన స్థాయి రెండవది. పదవ తరగతిలో మొదటి తరగతి వచ్చినదన్నపుడు ఈ రెండును ఒక్క వాక్యముననే కలిసియున్నవి. బాలుని చోటును బాలుని వెలను ఒకే కొలబద్దతోఁ గొలుచు ఆచారము ఒకానొక కాలమునఁ బుట్టి, ధనముతో ముడివడి, సముద్రము దాఁటి మద్రాసు రాజధానికి వచ్చినది. ఆ చరిత్ర విచారణీయము.

అంతకుముందు వీధిబడులలోఁ గొలత యెట్లుండెను? 1822లో సర్ తామస్ మన్రో గవర్నరై యుండఁగా రాజధానియందలి బడుల వివరములు కలెక్టరులను అడిగెను. బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823లోఁ బంపిన నివేదిక వానిలోఁ బ్రసిద్ధము. ఇతఁడు తెలుఁగునకు ఇంగ్లీషున వ్యాకరణము రచించి 1816లోఁ బ్రకటించినవాఁడు. కావున భాషయెఱిఁగిన సాక్షి. అతని లెక్కచొప్పున ఆ జిల్లాలో బడులు 533. విద్యార్థులు 6,641 మంది. బడులలోఁ గన్నడమువి 235, తెలుఁగువి 226. ఉదయమున మొదట వచ్చిన బాలుని యరచేత సరస్వతి పేరు వ్రాయుదురు, అది మర్యాద. రెండవవానికి సున్న, అతనికి మెప్పును లేదు, నిందయు లేదు. మూఁడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాలవవానికి రెండు, ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి హెచ్చు.

ఇది వేకువరాకకుఁ గట్టిన తరమే కాని విద్యకుఁ గట్టినది కాదు. విద్యయందు ఎవఁడెంతవాఁడో యెఱిఁగినది గురువొక్కఁడే. ఒక బడి చదువును వేఱొక బడి చదువుతోఁ బోల్చు సాధనము లేదు. అట్టి యవసరమును లేదు. గురువునకు ద్రవ్యమిచ్చు తల్లిదండ్రులు తమ కుమారుఁడు పద్యము నప్పగించుట చెవులార వినుచుండిరి. అయినను ఆ కాలమును మితిమీఱి పొగడరాదు. అర్థ మెఱుఁగకయే పిల్లలు పద్యములను వల్లించుచున్నారని కాంబెలే వ్రాసెను. వినుచున్న తండ్రికిని ఆ లోపము తెలియదు.

ధనమిచ్చువాఁడు దూరస్థుఁడైనపుడు కొలబద్ద అవసరమగును. ఇంగ్లండులో నట్లే జరిగెను. 1858లో నియమింపఁబడిన న్యూకాసిల్ విచారణసంఘము, ప్రభుత్వధనము గ్రహించు బడులలోఁ బెక్కుమంది పిల్లలకు మొదటి పాఠములైనను సరిగా నబ్బుటలేదని 1861లోఁ జెప్పెను. రాబర్టు లో యను రాజకీయవేత్త విద్యావ్యవహారములను జూచుచుండఁగా 1862లో రివైజ్డు కోడను నిబంధనావళి వెలువడెను. అది బాలుర నాఱు శ్రేణులుగా విభజించి, ప్రతి శ్రేణికిని జదువు, వ్రాత, లెక్కలలో ఇంత రావలయునని గీత గీసెను. ఆ గీతకే స్టాండర్డని పేరు. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్షించును. ఆఱేండ్లు దాఁటి, నియమితసంఖ్యగా బడికి హాజరైన బాలునికై పాఠశాలకు 8 షిల్లింగులు లభించును. ఒక్కొక్క విషయమునఁ దప్పినకొలఁది 2 షిల్లింగుల 8 పెన్సులు తగ్గును. మూఁటను దప్పినచో మిగులునది సున్న.

ఈ యేర్పాటునందు న్యాయము లేదనరాదు. పేదల బడికిని బట్టణపు బడికిని ఒకే త్రాసు. పక్షపాతమునకుఁ జోటు తక్కువ. ప్రజాధనమునకు లెక్క కలదు. కాని ఫలము వేఱుగా నుండెను. 1861లో సుమారు 8,13,000 పౌనులుగా నున్న ప్రభుత్వసాహాయ్యము 1865 నాఁటికి సుమారు 6,36,000కుఁ దగ్గెను. కవియు విమర్శకుఁడు నగు మాథ్యూ ఆర్నాల్డు ఆ శాఖలోనే ఇన్‌స్పెక్టరు. అతఁడు మొదటినుండియు దీని నెదిరించెను. చదువుట, వ్రాయుట, లెక్కించుట నిజముగా రాకున్నను, నేర్పుతో సిద్ధపఱచినచో బాలురను ఆ పరీక్ష దాఁటింపవచ్చునని 1867 నివేదికలోఁ జూపెను. ఇంగ్లండున ఈ పద్ధతి 1890 మొదలు సడలి, ఆ దశాబ్ది ముగియకమున్నే యంతరించెను.

అక్కడ విమర్శకు లోనగుచుండఁగానే యిది మద్రాసు రాజధానిలో వేళ్లూనెను. ఫలితములనుబట్టి గ్రాంటునిచ్చుట ఇచ్చట 1860 తరువాతి దశకమున నెలకొనెను. వీధిబడి పంతులకు ఇన్‌స్పెక్టరు రాక పంటకాలమువంటిదయ్యెను. 1882నాఁటి హంటరు సంఘము కళాశాలల కీ పద్ధతి తగదనుచునే ప్రాథమికపాఠశాలలకుఁ దగునన్నది. తుదకు 1904లోఁ గర్జన్ ప్రభుత్వపు విద్యావిధాన తీర్మానము దీనిని నిరసించెను. పద్ధతి పోయెను, పేరు నిలిచెను. మూఁడవ స్టాండర్డు చదివితినని చెప్పుకొన్న తాతలకు ఆ మాట యొకప్పుడు ధనము కొలిచిన గీత యని తెలియదు.

ఇందలి దోష మెచ్చట నున్నది? వ్యాకరణము కొంత దారి చూపును. ఇద్దఱిలో నొకని యాధిక్యమును దెలుపఁ దరప్ప్రత్యయమును, పలువురిలోనైనఁ దమప్ప్రత్యయమును బాణిని విధించెను. పటుతరుఁడనుటకుఁ బాటవ మిద్దఱియందును ఉండవలయును. గుణ మేకమైనఁగాని తారతమ్యము పొసఁగదు. సమానమైన కొలబద్దను గోరువారు ఈ సూక్ష్మమును మఱతురు. పుస్తకము కంఠస్థము చేసినవాఁడును, క్రొత్త వాక్యమును విడఁదీసి చదువఁగలవాఁడును ఒకే మార్కు పొందినచో, అంకె సమానమయ్యెను కాని కొలువఁబడిన గుణము సమానము కాలేదు.

ఈ కొఱఁతను దీర్పఁ బ్రయత్నములు జరుగకపోలేదు. 1911లో మద్రాసున మెట్రిక్యులేషనునకు మాఱుగా వచ్చిన ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతిలో, బహిరంగపరీక్షామార్కులతోఁ గూడ బడిలోని పనికి వచ్చిన మార్కులును యోగ్యతాపత్రమున నెక్కెను. గురువు కన్నును దూరస్థుని త్రాసును జతపఱచుటయే దాని యాశయము. కాని ఒక గురువు ఉదారుఁడు, ఒక గురువు కఠినుఁడు; ఆ భేదమును సరిచేయఁబూనిన మరల త్రాసే కావలయును. ఈ చిక్కు తరువాతి కాలమునను వదలలేదు. కేంద్ర మాధ్యమిక విద్యామండలి 2009లో నిరంతరమూల్యాంకనమును గ్రేడులను బ్రవేశపెట్టి 2017లో దానిని మానెను. ఆంధ్రప్రదేశ్ పదవ తరగతికి 2012లో గ్రేడులు వచ్చినవి. 2022లో మార్కులే మరల ప్రకటింపఁబడినవి.

మార్కా, గ్రేడా యను వాదము పైపైది. దూరమున నున్నవాఁడు బాలుని న్యాయముగా నెఱుఁగుటకు సమానమానము కావలయును. అది లేనిచోఁ బేదబాలుని ప్రతిభకు సాక్షి యుండఁడు. కాని ఆ మానముపై గురువు జీవనమును బడి ప్రతిష్ఠయు వ్రేలాడఁదీయఁబడినపుడు, చదువు కొలబద్దయంత కుంచించుకొనిపోవును. 1862నాఁటి గీత బోధించిన పాఠ మిదియే. అరచేత సరస్వతి పేరు వ్రాయించుకొన్న బాలుఁడు బడికి ముందుగా వచ్చెననుట సత్యము. అతఁడేమి నేర్చెనో తెలియఁగోరినచో, కూర్చుండఁబెట్టి చదివించి, అర్థమడుగవలసినదే.