ఎనిమిదో క్లాసు సైకిలు

పోయిన మీటింగులో పిల్లల్ని సైకిల్ మీద బడికి పంపే మాట వస్తే కొందరు నవ్వినారు. ఆటోలుండగా సైకిలెందుకు అన్నారు. అందుకే మాకు తెలిసిన చరిత్ర కొంచెం రాస్తున్నాం. మేము చదివింది తమిళ మీడియం, తెలుగు ఇంట్లో వచ్చింది. రాత అటూ ఇటూగా ఉంటుంది, సర్దుకోండి.

మన కెంచనగుడ్డ సైడంతా 1953 అక్టోబర్ 1 దాకా మద్రాసు రాష్ట్రమే. ఆ రోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయినాయి, సిరుగుప్ప మైసూరుకు వచ్చింది. రాష్ట్రం వేరైతే బడి లెక్కా వేరే. ఆ పక్క హైస్కూలు ఆరో క్లాసు నుంచి, ఈ పక్క ఎనిమిది నుంచి. ఊళ్లో ఏడు వరకే ఉంటే, ఎనిమిదికి పక్క ఊరు పోవాల్సిందే. చదువు ఆగేది అక్కడే, ముందు ఆగేది ఆడపిల్లదే. కర్ణాటక ప్రభుత్వం 2006-07లో ఎనిమిదో క్లాసు పిల్లలకే సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది ఇందుకే.

దీనికి ముందుకథ తమిళనాడులో ఉంది. 1990ల మొదట్లో పుదుక్కోట్టైలో షీలా రాణి చుంకత్ అనే కలెక్టరమ్మ, 'అరివొళి ఇయక్కం' అనే అక్షరాస్యత ఉద్యమంలో చదువుతో పాటు సైకిల్ కూడా నేర్పించింది. క్వారీల్లో రాళ్లు కొట్టే ఆడవాళ్లు, అంగన్‌వాడీ వాళ్లు వేల మంది నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిలే తొక్కినారు. ముందు కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు కదా, అదే మేలన్నారట! ఊళ్లో మొదట ఎగతాళి చేసినవాళ్లు లేకపోలేదు. 2001లో అక్కడి ప్రభుత్వం ప్లస్ వన్ చదివే ఎస్సీ, ఎస్టీ ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది, తర్వాత అందరికీ ఇచ్చింది.

బీహార్‌లో 2006లో తొమ్మిదో క్లాసు ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోమని డబ్బులిచ్చినారు. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఇద్దరు లెక్క తీసినారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగినారు. బడి 3 కిలోమీటర్లు దాటిన ఊళ్లలోనే ఎక్కువ ఫలితం. రైల్వేలో లెక్కలు రాసి రాసి అంకెలంటే మాకు అనుమానమెక్కువ. ఈ అంకె మాత్రం నమ్ముతాం, దూరానికి తగ్గట్టు ఫలితం మారింది కాబట్టి.

మన దగ్గర 2020లో కోవిడ్‌తో పంపిణీ ఆగింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి మొదలుకాలేదు. ఆ పిల్లలిప్పుడు ఆటోలో ఒకరి మీద ఒకరు. ఆటో రాని రోజు బడి లేదు. ఆడపిల్లైతే ఇంట్లో "చాల్లే" అనేస్తారు.

రోడ్డు భయం ఉంది, కాదనం. వరి కోతలప్పుడు ట్రాక్టర్లు, లారీలు ఎట్ల తోలుతారో మనకు తెలుసు. ఒక్కరే కాకుండా నలుగురైదుగురు కలిసి పోతే, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉంటే, సగం భయం తగ్గుతుంది. నదీ పక్క దారి గతుకులది, ట్యూబులు నిలవవు. పంక్చర్ వేయడం పిల్లలకే నేర్పాలి.

మిద్దె మీద, పశువుల కొట్టంలో తుప్పు పడుతున్న సైకిళ్లు ఎవరింట్లో ఎన్నున్నాయో చెప్పండి. చైను, టైర్లు వేయించే ఖర్చు వచ్చే మీటింగులో మాట్లాడదాం. ఈ ఏడు ఏడో క్లాసు దాటే ఆడపిల్లల పేర్లు ముందు రాసుకుందాం.