గాలిని లెక్కించని పటం: శ్రీలంక వాతావరణ మండలాలపై ఒక అభ్యంతరం

నానుఓయ నుంచి బదుల్ల వైపు వెళ్లే రైలు పట్టిపొల స్టేషను దాటాక ఒక సొరంగంలో దూరుతుంది. జూలైలో మేం వెళ్లిన రోజు ఇవతల ముసురు పట్టి కిటికీలు దించుకున్నాం. అవతల కళ్లు చిట్లించుకోవలసినంత ఎండ. ఈ వ్యాసానికి పురుడు పోసింది ఆ సొరంగమే.

ఏడాది వానను బట్టి ద్వీపాన్ని మూడుగా విడగొట్టడం అక్కడి పరిపాటి. 2,500 మి.మీ. మించితే తడి మండలం, 1,750 లోపైతే పొడి మండలం, నడుమ ఉన్నది మధ్య మండలం. ఆ గీతలతో నాకు పెద్ద పేచీ లేదు. పేచీ అంతా ప్రపంచ వాతావరణాలను వర్గీకరించిన కొప్పెన్‌తోనే. మొక్కలను చూసి మండలాలు గీసిన ఆ పండితుడు మొక్కను ఎండగట్టే గాలిని మాత్రం వదిలేశాడు. నెలవారీ ఉష్ణోగ్రత, నెలవారీ వాన ఉంటే చాలు, ఆయన సూత్రం నడిచిపోతుంది. దాని ప్రకారం వెయ్యి మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే హంబన్‌తోట కూడా శుష్క ప్రాంతం కాదు! అనూరాధపురంలో కురిసేది మన అనంతపురానికి రెట్టింపు పైమాటే. మరి అక్కడివాళ్లు తరతరాలుగా అన్ని చెరువులెందుకు తవ్వుకున్నట్టు? వానలో ఎక్కువ భాగం అక్టోబరు–జనవరి నడుమ, 'మహా' పంటకాలానికే వచ్చిపడుతుంది. ఆపైన మే నుంచి సెప్టెంబరు దాకా పొడిగాలి. ఈశాన్య ఋతుపవనం మీద బతికే నెల్లూరు రైతుకు ఇందులో సగం సంగతి చెప్పకుండానే తెలుసు.

ఆ పొడిగాలిని తూర్పు తీరపు తమిళులు 'కచ్చాన్' అంటారు. నైరుతి గాలి పడమటి వాలు ఎక్కుతూ తన తడినంతా అక్కడే దింపేస్తుంది. ఆ వాలు మీది వటవలలో ఏటా 5,000 మి.మీ. దాటేది అందుకే. కొండ దాటి దిగేటప్పుడు కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున వేడెక్కి, తూర్పు తీరాన మట్టక్కళప్పు చేరేసరికి వడగాలి అవుతుంది. దారిలో ఊవా తేయాకు తోటలున్నాయి. జూలై–సెప్టెంబరులో ఈ గాలి తగిలి చిగురు ఎదుగుదల మందగిస్తుంది, వాసన చిక్కబడుతుంది. ఊవా టీకి మంచి ధర పలికేది ఆ వారాల సరుకుకే. జనవరి–మార్చిలో కథ తిరగబడుతుంది. ఈశాన్యపు గాలికి ఊవా తడిసిన తరవాత పొడిగాలి అవతలి వాలుకు మళ్లుతుంది, అప్పుడు అక్కడి డింబుల టీ వంతు. ఒకే కొండకు రెండు వైపులా రెండు రుచికాలాలు. ఏ వర్షమాపకమూ ఇంత తేటగా చెప్పలేదు.

2003లో సవరించిన 46 వ్యవసాయ పర్యావరణ ప్రాంతాల విభజన నేలనూ ఎత్తునూ కూడా లెక్కలోకి తీసుకుందన్నది నిజమే.

అయినా నడుమ కొండ ఉన్న ఏ ఉష్ణమండల ద్వీపానికైనా మొదటి గీత గాలివాటును బట్టే గీయాలి, వాన లెక్క తరవాతిది. అందాకా మన భూగోళ పాఠ్యపుస్తకాలు రాసేవారికి ఒక మనవి: కొప్పెన్ పటం కింద 'ఇందులో గాలిని లెక్కించలేదు' అన్న ఒక్క ముక్క అచ్చువేయండి.