కల్ట్‌ల నుంచి బయటపడినవారికి అండ: నలుగురు కలిస్తేనే సాధ్యం

ఒక గురువుకో, నాయకుడికో ప్రశ్నించని విధేయతను కోరుతూ, అనుచరులను కుటుంబం నుంచి, సంపాదన నుంచి, స్వంత ఆలోచన నుంచి క్రమంగా వేరు చేసే బృందాన్ని సాధారణంగా కల్ట్ అంటారు. భక్తి వేరు, ఇది వేరు. ఇష్టం లేనప్పుడు నిర్భయంగా వెళ్లిపోగల స్వేచ్ఛ ఉందా లేదా అన్నదే వాటి మధ్య గీత.

ఇటువంటి ఫిర్యాదులలో తెలుగువారికి సంబంధించినది ఢిల్లీలోని రోహిణి ఆశ్రమం కేసు. బాలికలను, మహిళలను నిర్బంధించారన్న పిటిషన్‌పై 2017 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు తనిఖీకి ఆదేశించింది. న్యాయవాదులు, మహిళా కమిషన్ ప్రతినిధులు, పోలీసులు కలసి లోపలికి వెళ్లారు. దర్యాప్తును న్యాయస్థానం సీబీఐకి అప్పగించింది. తరువాత తెలంగాణకు చెందిన తల్లిదండ్రులు, ఉన్నత విద్యావంతురాలైన తమ కుమార్తె అక్కడే ఉండిపోయిందని అదే న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఆశ్రమవాసుల క్షేమం చూసేందుకు 2022 ఏప్రిల్‌లో కిరణ్ బేడీ పర్యవేక్షణలో ఒక కమిటీ ఏర్పాటైంది. జిల్లా న్యాయమూర్తి, జిల్లా మేజిస్ట్రేట్, మహిళా కమిషన్, న్యాయసేవల సంస్థ వంటివారికి అందులో చోటు కల్పించారు.

ఇంతమంది ఎందుకు? పోలీసులు తలుపు తెరిపించగలరు గాని, లోపల పేరుకున్న భయాన్ని తొలగించలేరు. వైద్యుడు నిద్రలేమిని, కుంగుబాటును గుర్తిస్తాడు. రాయించుకున్న ఆస్తి పత్రాల సంగతి న్యాయవాది చూడాలి. చదువు ఆగిపోయి, గుర్తింపు కార్డులు సైతం లేక వచ్చిన వ్యక్తికి బ్రతుకుదారి చూపవలసింది సామాజిక కార్యకర్త. వీరు విడివిడిగా పనిచేస్తే బాధితురాలు ఒకే వేదనను నాలుగు చోట్ల చెప్పుకోవలసి వస్తుంది. జపాన్‌లో మతం పేరిట జరిగే విక్రయాల బాధితుల కోసం న్యాయవాదులు 1987లోనే దేశవ్యాప్త సంఘంగా ఏర్పడ్డారు. అక్రమ విరాళాల బాధితులకై 2022లో అక్కడ చట్టమే వచ్చింది.

రైల్వే కొలువులతో స్థిరపడిన తెలుగు కుటుంబాలు గల బిలాస్‌పూర్‌లోనూ ఈ సహాయానికి ఆధారాలు ఉన్నాయి. లింగియాడీహ్ వంటి పేటలో ఉన్నవారికి హైకోర్టు, సేంద్రిలోని రాష్ట్ర మానసిక వైద్యశాల రెండూ అందుబాటులోనివే. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్ ఒకే చోట అందించే సఖి కేంద్రాలలో దేశంలోనే మొదటిది 2015లో రాయ్‌పూర్‌లో ప్రారంభమైంది. అక్కడి వసతి తాత్కాలికమే కనుక, తరువాతి నివాసం గురించి ముందే ఆలోచించాలి. మహిళను టోనహీగా ముద్రవేసి హింసించడం 2005 నాటి ఛత్తీస్‌గఢ్ చట్టం ప్రకారం నేరం.

మహిళలు 181కు, పిల్లల కోసం 1098కు, ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు, పిల్లలకు న్యాయసేవలు ఉచితం. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్‌లో 14416 నంబరుపై తెలుగులోనూ మానసిక నిపుణులతో మాట్లాడవచ్చు.

మేజరైన వ్యక్తిని బలవంతంగా తీసుకురావడానికి చట్టం అంగీకరించదు. ఎత్తిపొడుపులు, వాదనలు దూరాన్ని పెంచుతాయి. పండుగకో పుట్టినరోజుకో పలకరిస్తూ, గురువును నిందించక, ఇంటి తలుపు తెరిచే ఉందని తెలియజేయడమే కుటుంబం చేయగల మేలు. ఏనాడైనా ఆ వ్యక్తి తిరిగి వస్తే, "ఎందుకు వెళ్లావు?" అన్న ప్రశ్నకు ముందు భోజనం, విశ్రాంతి, వైద్యం అందాలి.