పాత ఇల్లు, ఎత్తయిన పీఠం: పల్సానా ప్రాంతపు గృహచరిత్రలో ఒక అధ్యాయం

వాస్తుచరిత్ర అనగానే కోటలు, ఆలయాలు, రాజప్రాసాదాలు స్ఫురణకు వస్తాయి. సామాన్యుని నివాసంలో అన్నిటికన్నా ఎక్కువ మార్పుకు లోనైన గది మాత్రం చరిత్రకారుల దృష్టికి అరుదుగా వస్తుంది. అది మరుగుదొడ్డి. ఒకప్పుడు ఇంటికి వీలైనంత దూరంగా ఉండిన ఈ గది క్రమంగా పడకగది పక్కకు చేరింది. నేలమట్టంలో ఉండిన పీఠం కుర్చీ ఎత్తుకు లేచింది. ఈ రెండు మార్పుల వెనుక శతాబ్దానికి పైబడిన సామాజిక చరిత్ర ఉంది. దానిని పరిశీలించడానికి గుజరాత్‌లోని సూరత్ జిల్లాకు చెందిన పల్సానా తాలూకా అనువైన ప్రదేశం.

పల్సానా ఒకప్పుడు పూర్తిగా వ్యవసాయ ప్రాంతం. నల్లరేగడి నేలలు, చెరకు తోటలు, చల్తాన్ చక్కెర కర్మాగారం దాని పాత గుర్తులు. నేటి 48వ జాతీయ రహదారి వెంట పల్సానా, కడోదరాల పరిసరాలలో అద్దకం, ముద్రణ మిల్లులు వెలసిన తరువాత వివిధ రాష్ట్రాల శ్రామికులు ఇక్కడికి తరలివచ్చారు. సమీపంలోని సూరత్ నగరానికి తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాల చరిత్ర తెలుగు పాఠకులకు తెలిసినదే. వారి పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడిపింది. కాబట్టి ఈ ప్రాంతంలో రైతుల పాత ఇళ్లూ, శ్రామికుల అద్దె గదులూ పక్కపక్కనే కనిపిస్తాయి.

దక్షిణ గుజరాత్ గ్రామంలోని పాత ఇల్లు వెడల్పు తక్కువగా, పొడవు ఎక్కువగా ఉంటుంది. వీధి వైపు ‘ఓట్లో’ అనే అరుగు, దాని వెనుక ‘పరసాళ్’ అనే ముందుగది, తరువాత లోపలి గది, వంటిల్లు, చిట్టచివర ‘వాడో’ అనే పెరడు ఉంటాయి. మరుగుదొడ్డి కట్టుకున్నవారు ఆ పెరటి చివరనే కట్టుకున్నారు. తక్కినవారు పొలాలకు వెళ్లారు. తెలుగునాట కూడా పరిస్థితి భిన్నం కాదు. ‘దొడ్డికి వెళ్లడం’ అనే మాటలో పెరడే ఉంది. ‘మరుగుదొడ్డి’లో దానికి చాటు తోడైంది. గుజరాతీలోని ‘జాజరూ’ తప్పనిసరి స్థలమనే అర్థం గల పారసీక పదం నుంచి వచ్చింది. అవసరాన్ని అంగీకరించి, స్థలాన్ని దూరంగా ఉంచడమే నాటి పద్ధతి.

ఈ దూరానికి కారణం దుర్వాసన ఒక్కటే కాదు. నీటితో శుభ్రపడని పాత మరుగుదొడ్డికి వెనుకవైపు ఒక చిన్న ద్వారం ఉండేది. శుభ్రం చేసే మనిషి ఇంటిలోనికి రాకుండా ఆ ద్వారం గుండానే మలాన్ని ఎత్తి తీసుకుపోవాలి. శుచి పేరిట నిలిచిన కులవ్యవస్థ ఇంటి ప్రణాళికలోనే ఆ విధంగా చోటు చేసుకున్నది. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలినపుడు గాంధీజీ రాజకోటలో మరుగుదొడ్లను తనిఖీ చేశారు. సంపన్నుల ఇళ్లలోనివే చీకటిగా, దుర్భరంగా ఉన్నాయనీ, అంత్యజులని దూరంగా ఉంచబడినవారి వాడ శుభ్రంగా ఉన్నదనీ ఆయన తన ఆత్మకథలో నమోదు చేశారు. 1993లో పొడి మరుగుదొడ్ల నిర్మాణాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 2013లో మరింత విస్తృతమైన చట్టం వెలువడింది. ఆ చట్టాలు కాగితానికే పరిమితం కాకుండా బెజవాడ విల్సన్, విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ ప్రభృతులు సాగించిన సఫాయి కర్మచారి ఆందోళన్ కృషి తెలుగువారికి సుపరిచితం.

మరుగుదొడ్డిని ఇంటిలోనికి తెచ్చినది ఒక చిన్న సాంకేతిక ఉపాయం. 1775లో అలెగ్జాండర్ కమింగ్ లండన్‌లో పేటెంట్ పొందిన వంపు గొట్టంలో ఎల్లప్పుడూ కొంత నీరు నిలిచి, వాసనను అడ్డగిస్తుంది. ఈ నీటి అడ్డు అందుబాటులోకి వచ్చిన తరువాతనే గదిని వంటింటికి సమీపంగా కట్టడం సాధ్యమైంది. అయితే పారిశుద్ధ్యాన్ని గదిగదికీ విడదీయడానికి వీలులేదని 1994 సెప్టెంబరులో సూరత్‌ను పీడించిన ప్లేగు భయం చాటిచెప్పింది. లక్షలాది మంది నగరాన్ని విడిచి వెళ్లారు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో జరిగిన ప్రక్షాళన దేశమంతటా చర్చనీయాంశమైంది.

ఈ విధంగా మరుగుదొడ్డి ఎక్కడ ఉండాలి, ఎవరు శుభ్రం చేయాలి అనే ప్రశ్నలు చర్చకు వచ్చాయి. దానిని ఎవరు వాడుకోగలరు అనే ప్రశ్న మాత్రం చాలాకాలం మరుగునే ఉండిపోయింది.

గొంతుకు కూర్చునే పద్ధతి ఆరోగ్యవంతునికి సహజమైనదే. 1966లో అమెరికాలో అలెగ్జాండర్ కీరా స్నానగదులపై ప్రచురించిన అధ్యయనం కూడా పాశ్చాత్య కమోడ్‌ను శరీర ధర్మం దృష్ట్యా విమర్శించింది. అనేకులు కూర్చున్న పీఠాన్ని తాకడం అశుచి అనే భావన కూడా ఇక్కడ నేలపీఠానికి బలం చేకూర్చింది. కాని కీళ్లు అరిగిన వృద్ధులకు, పక్షవాతం సోకినవారికి, నిండు గర్భిణులకు కూర్చోవడం కన్నా లేవడమే కష్టం. దీనికి పాత ఇంటి నిర్మాణం మరొక అవరోధాన్ని జోడించింది. పింగాణీ పీఠం కింద వంపు గొట్టానికి లోతు కావాలి. నేలను తవ్వడానికి బదులు గది మట్టాన్నే ఒకటి రెండు మెట్లు లేపి కట్టడం పరిపాటి అయింది. ఫలితంగా మోకాళ్ల నొప్పి గల మనిషి మొదట మెట్టెక్కాలి, ఆపైన కిందికి కూర్చోవాలి. రాత్రివేళ లేవలేమన్న భయంతో సాయంత్రం నుంచే నీరు తాగడం మానుకునే పెద్దలు పల్లెలలో ఎందరో ఉన్నారు.

పీఠాన్ని ఎత్తు చేయడం పరాయి ఆచారమన్న అభిప్రాయం పూర్తిగా నిజం కాదు. మొహెంజొదారో ఇళ్లలో కాలువలపై ఇటుకలతో కట్టిన ఆసనాలను పురావస్తు శాస్త్రవేత్తలు మరుగుదొడ్లుగా గుర్తించారు. నేడు సాధారణ కమోడ్ ఎత్తు సుమారు 15, 16 అంగుళాలు ఉంటుంది. వికలాంగులకు, వృద్ధులకు ఉద్దేశించినది 17 నుంచి 19 అంగుళాలు. భారత ప్రభుత్వ మార్గదర్శక సూత్రాలు సైతం 450 నుంచి 480 మిల్లీమీటర్ల ఎత్తును సూచించాయి. ఈ రెండు మూడు అంగుళాల భేదమే లేచే సమయంలో మోకాలిపై పడే భారాన్ని తగ్గిస్తుంది. అయినా ఎత్తు పెరిగిన కొద్దీ మేలు అనుకోరాదు. పొట్టిగా ఉన్న వృద్ధురాలి పాదాలు నేలకు ఆనకపోతే పట్టు తప్పుతుంది. కాబట్టి వాడే మనిషి మోకాలి ఎత్తు కొలిచిన తరువాతనే పీఠాన్ని ఎంచుకోవాలి.

పాత ఇంటిలో ఈ మార్పు అసాధ్యం కాదు. ఉన్న కమోడ్ కింద గట్టి దిమ్మె కట్టవచ్చు, లేదా ఎత్తయిన నమూనాను అమర్చవచ్చు. నేలపీఠాన్ని తొలగించేటప్పుడు పాత గొట్టం నేలలోకి దిగుతున్నదా, గోడలోకి పోతున్నదా అన్నది ముందుగా చూడాలి; కొత్త పీఠం దానికి సరిపోవాలి. గోడకు బిగించిన పిడి, జారని నేల, రాత్రి వెలుగు ఎత్తుతో సమానంగా ముఖ్యమైనవి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనుక మనిషి పడిపోతే, ఆ శరీరమే తలుపుకు అడ్డుపడి సహాయం అందనీయదు.

సొంత ఇల్లు గల రైతు కుటుంబానికి ఇది కొద్దిపాటి ఖర్చుతో తీరే సమస్య. వరుస గదులకు ఉమ్మడిగా ఒకటి రెండు మరుగుదొడ్లు గల అద్దె నివాసాలలో గోడను తాకే హక్కు కూడా అద్దెదారుకు లేదు. మగ్గాల మధ్య నిలబడి జీవితం గడిపి మోకాళ్లు పోగొట్టుకున్న కార్మికునికి మధ్యలో రంధ్రమున్న చేతుల కుర్చీయే తక్షణ ఉపశమనం.

1995, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టాలు ప్రజా భవనాలలో సుగమ్యతకు పునాది వేశాయి. 2014లో ఆరంభమైన స్వచ్ఛభారత్ ఉద్యమం కింద గ్రామీణ కుటుంబానికి మరుగుదొడ్డి నిర్మాణానికి 12,000 రూపాయల ప్రోత్సాహకం లభించింది. కట్టిన గదుల లెక్క దస్త్రాలకు చేరింది. ఆ గదిలో ఇంటి అవ్వ కూర్చుని లేవగలుగుతున్నదా అన్నది ఆ లెక్కలో చేరే అంశం కాదు. ఇకముందు మంజూరయ్యే ప్రతి అంచనా పత్రంలోనూ పీఠం ఎత్తుకు, చేతిపిడికి, తలుపు తెరుచుకునే దిశకు ఒక్కొక్క పంక్తి కేటాయించడం అధికార యంత్రాంగానికి పెద్ద భారం కాదు. పెరటి చివరి నుంచి పడకగది పక్కకు రావడానికి ఈ గదికి నూరేళ్లు పట్టింది. మిగిలిన కొద్ది అంగుళాలకు అంతకాలం వేచి ఉండే వ్యవధి వృద్ధులకు లేదు.