పొన్నంగి పిట్ట

తెలుగునాట ‘పిట్ట’ యనునది ఏ చిన్న పక్షికైనను చెల్లు పేరు. ఆ మాట నేడు ప్రపంచ పక్షిశాస్త్రమున ఒక ప్రజాతికి స్థిరనామమై యున్నది. ఆఫ్రికా మొదలు ఆస్ట్రేలియా వరకు గల అడవులలో నివసించు ఒక పక్షికుటుంబమునకును అదియే పేరు. ఈ గౌరవమునకు మూలము మన పొన్నంగి పిట్ట.

ఇది సుమారు 19 సెంటీమీటర్ల పొడవు గల పక్షి. వీపు ఆకుపచ్చన, భుజములపై మెరయు నీలము, కంఠము తెలుపు, కంటి మీదుగా నల్లని పట్టె, తోక క్రింద ఎరుపు. హిందీవారు దీనిని ‘నవరంగ్’ అందురు. ఇన్ని వన్నెలుండియు ఇది కంటబడుట అరుదు. పొదల నీడలో రాలుటాకులను త్రోసి పురుగుల నేరుకొని తినుచుండును. ఉదయ సాయంసంధ్యలయందు రెండు స్వరముల ఈల వేయును. అందుచేతనే తమిళులు దీనిని ‘ఆరుమణి కురువి’, అనగా ఆరుగంటల పిట్ట, యని పిలిచిరి.

18వ శతాబ్దారంభమున చెన్నపట్టణపు సెయింట్ జార్జి కోటలో ఎడ్వర్డ్ బక్లీ అను వైద్యుడుండెను. ఆయన అచ్చటి పక్షుల చిత్రములను లండనులోని జేమ్స్ పెటివర్ అను మందుల వర్తకునకు పంపెను. పెటివర్ వ్రాసిన వాని వివరణ 1713లో జాన్ రే పక్షిగ్రంథమునకు అనుబంధముగా వెలువడెను. అందు మన పక్షికి తెలుగుపేరే కలదు. 1766లో లిన్నేయస్ దీనిని కాకులలో చేర్చి, ‘పొట్టితోక కాకి’ యను నర్థము గల శాస్త్రనామ మొసగెను. తుదకు 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియేయో దీనికి వేరొక ప్రజాతి నేర్పరచి, ‘పిట్ట’ యనియే పేరిడెను. వీరందరి పేర్లును నిలిచినవి. ఆ పేరును మొదట దొరలకు చెప్పిన తెలుగువాడెవరో మాత్రము చరిత్ర కెక్కలేదు.

ఈ పక్షి వానకాలమున హిమాలయ పాదప్రాంతములలోను, మధ్యభారతమునందును, పడమటి కనుమలలోను పుల్లలతో, ఆకులతో బంతివంటి గూడు కట్టి, నాలుగైదు గుడ్లు పెట్టును. చలికాలమునకు దక్షిణభారతమునకును శ్రీలంకకును వలసపోవును. ప్రయాణము రాత్రివేళ, రెక్కబలము కొద్ది.

వేసవి తొలి గాలులకు ఈ పక్షులు ఇండ్లలో తలదాచుకొనుచుండునని డాక్టరు జెర్డన్ 1862లో వ్రాసెను. మొదటి పక్షిని ఆయన చెన్నపట్టణపు పెద్దాసుపత్రిలో చూచెను. పిదప నెల్లూరిలో పెక్కింటిని సజీవముగా సంపాదించెను. తూర్పు కనుమలనుండి గాలికి కొట్టుకొని వచ్చినవని ఆయన తలచెను. అది వలసపక్షులు ఉత్తరమునకు మరలు కాలమని నేడు మన మెరుగుదుము.

ఇప్పటికిని వలసకాలమున అలసిన పొన్నంగి మన పెరటిలో వాలవచ్చును. పిల్లి కంటబడక మునుపే దానిని గాలియాడు పెట్టెలో, చీకటిలో, సందడి లేనిచోట ఉంచి, తేరుకొన్న పిదప చెట్ల నడుమ విడువవలెను. విడుచునపుడు ఇంటి పిల్లలను పిలిచి, దాని పేరు చెప్పుడు. లండను గ్రంథమున మూడువందల యేండ్లుగా నున్న ఆ పేరు మన యింటిలోను వినబడవలెను గదా!